రాసినట్టు బతకని రాయలసీమ

రాయలసీమ మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. అది మనం రాసినట్టు ఉండటం లేదు.

హైదరాబాదులో కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో, పత్రికల ఆదివారం డెస్కుల్లో కూర్చుని పాతికేళ్లుగా మనవాళ్లు సీమను రాస్తున్నారు. ఊరికే రాశారా? నిద్రాహారాలు మాని రాశారు. మట్టి ఎంత ఎర్రగా ఉండాలి, మీసం ఎంత మెలి తిరగాలి, సుమో గాల్లోకి లేచాక ఎన్ని పల్టీలు కొట్టి కింద పడాలి, అన్నీ ఓపిగ్గా తేల్చారు. సమరసింహారెడ్డి వచ్చిన 1999 సంక్రాంతి నుంచి ఈ కృషి మరీ ఊపందుకుంది. ఇంత కష్టపడి ఒక ప్రాంతాన్ని తయారుచేసి చేతికిస్తే, అసలు ప్రాంతం దాన్ని చూసి నడుచుకోవద్దా? అబ్బే. తన మానాన తాను శెనక్కాయ విత్తుకుంటూ, పట్టుచీరలు నేసుకుంటూ, పిల్లల కాలేజీ ఫీజులకు అప్పులు చేసుకుంటూ బతికేస్తోంది. రాసినవాడి ముఖం ఏం కావాలి?

మనం రాసిన సీమ ఎంత పొందికైనదో ఒకసారి గుర్తుచేసుకుందాం. తెల్లచొక్కా పెద్దాయన ఒకడు, పోయిన తరంలో హత్యకు గురై గోడమీద దండేసుకున్న ఆయన తమ్ముడు ఒకడు, రైలు దిగే మేనల్లుడు ఒకడు. జనాభా అంతే. మిగతావాళ్లు పరిగెత్తడానికి. ఊళ్లో బడి ఉండదు, పోస్టాఫీసు ఉండదు, రేషన్ షాపు ఉండదు, జాతర మాత్రం ఏడాది పొడవునా నడుస్తుంది. ఎవరికీ షుగర్, బీపీ రావు, ఆ వయసుదాకా ఎవరినీ ఉంచం కాబట్టి. ఆడవాళ్లకు రెండే డ్యూటీలు: బయల్దేరేటప్పుడు హారతి ఇవ్వడం, తిరిగొచ్చాక కొంగు నోట్లో కుక్కుకోవడం. యాసంటారా, వాక్యం చివర 'అప్పా' అని చేరిస్తే పని అయిపోతుంది. కడపవాడు ఒకలా, కన్నడం కలిసిన మడకశిరవాడు ఇంకోలా, తమిళం కలిసిన కుప్పంవాడు మరోలా మాట్లాడతారని ఎవరైనా అంటే, బడ్జెట్ పెరుగుతుందని చెప్పి పంపించేస్తాం.

తిరుపతి కూడా సీమలోనే ఉందని గుర్తుచేస్తే మాత్రం మనవాళ్లు కాస్త ఇబ్బంది పడతారు. మొక్కు తీర్చుకోవడానికి పోయేటప్పుడు అది దేవుడి ఊరు. లడ్డూ అందరిదీ, బాంబు మాత్రం సీమది.

ఇంత ఖచ్చితమైన పరిజ్ఞానం ఎలా వచ్చిందని కొందరు అనుమానిస్తారు. పరిశోధన లేదంటే ఒప్పుకోను. మన హైదరాబాదు వాళ్లు ప్రతి శుక్రవారం రాత్రి వేలల్లో సీమ మీదుగా ప్రయాణం చేస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద స్లీపర్ బస్సు ఎక్కి, దుప్పటి ముసుగుతన్ని, కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ అన్నీ నిద్రలోనే దాటి బెంగళూరులో కళ్లు తెరుస్తారు. ఏ డాబా దగ్గరో ఒంటిగంటకు ఆపితే దిగి, చలికి వణుకుతూ టాయిలెట్ ఎటని అడిగి, మళ్లీ ఎక్కి పడుకుంటారు. నిద్రపట్టనివాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో సినిమా చూస్తారు. ఆ సినిమాలో సీమ తగలబడుతూ ఉంటుంది, కిటికీ బయట అసలు సీమ లైట్లార్పేసి గురకపెడుతూ ఉంటుంది. దేన్ని నమ్మాలి? వెలుతురు ఉన్నదాన్నే కదా.

ఇక సీమ చేసిన నేరాలకొస్తే, వాటి చిట్టా చాలా పాతది. క్రీస్తుశకం 575 ప్రాంతంలో, కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో, రేనాటి చోళుల ధనంజయుడి పేరిట ఒక శాసనం చెక్కారు. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో అతి పాతది అదే అంటారు. అంటే పూర్తి తెలుగు వాక్యం అనే వస్తువు మనకు మొట్టమొదట కనిపించేది, వాక్యాలు మాట్లాడరు కొడవళ్లే మాట్లాడతాయని మనం రాసుకున్న నేల మీద. ఇది సహించదగ్గ విషయమేనా? అంతటితో ఊరుకున్నారా? తాళ్లపాకలో ఒకాయన వేల కీర్తనలు రాశాడు. వేమన అక్కడే ఎక్కడో తిరిగి, కులాన్నీ మతాన్నీ డబ్బునీ ఉతికి ఆరేసి, కదిరి పక్క కటారుపల్లెలో సమాధయ్యాడు. సీపీ బ్రౌన్ అనే దొరగారు 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, తర్వాత అక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకుల్లో పురుగులు తింటున్న తెలుగు పుస్తకాలకు శుద్ధప్రతులు రాయించాడు. కడప బంగళాలో జీతాలిచ్చి పెంచాల్సింది పండితుల్నా, పాలెగాళ్లనా? ఈ దొరకు స్క్రిప్టు ఎవరూ వినిపించినట్టు లేదు.

మదనపల్లె మీద నాకు ప్రత్యేకమైన కోపం. 1919లో రవీంద్రుడు అక్కడ కొన్నాళ్లుండి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అంతకుముందు 1895లో జిడ్డు కృష్ణమూర్తి అక్కడే పుట్టి, పెద్దయ్యాక ఊరూరా తిరిగి మనిషి లోపలి హింస గురించి మాట్లాడాడు. సీమలో పుట్టినవాడు హింస గురించి మాట్లాడటమేమిటి, చేయాలి గాని.

అన్నిటికంటే ఘోరం సినిమావాళ్లే చేశారు. 1957లో వచ్చిన మాయాబజార్‌ను తీసిన దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా. తాడిపత్రి ఆయనా కడప ఆయనా కలిసి సినిమా తీస్తే ఎన్ని తలకాయలు తెగాలి? లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. సుమో ఒక్కటీ ఎగరలేదు. గోంగూర గురించి పంచ్ డైలాగ్ ఉంది కాని, వంశాల గురించి లేదు. తెలుగు సినిమాల్లోకెల్లా తియ్యటి సినిమాను సీమవాళ్లు తీసిపెడితే, సీమను చేదుగా చూపించే బాధ్యత మిగతా అందరి మీదా పడింది. చేయక చస్తామా?

ఈ రాతలవల్ల లోకానికి నష్టమేమీ లేదని, అంతా వినోదమేనని మా రచయిత మిత్రులు చెబుతుంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, లాభముందని అంటాను. ఉదాహరణ మా బిల్డింగే. ఎస్సార్‌నగర్ వెనకాల, ఓనర్ గారు రిటైర్డ్ ఇంజనీరు, పైన నాలుగు వాటాలు. మూడో అంతస్తు ఖాళీ అయితే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు చూడ్డానికొచ్చాడు. పొరుగువాడిగా నేనూ వెళ్లి నిలబడ్డాను.

"ఏ ఊరు బాబూ?"

"ప్రొద్దుటూరు అంకుల్."

"ప్రొద్దుటూరంటే..."

"కడప జిల్లా."

ఓనర్ గారు చేతిలోని తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"నాన్నగారేం చేస్తారు?"

"బట్టల షాపులో గుమాస్తా అంకుల్."

"అంటే... పైకి గుమాస్తా."

కుర్రాడికి అర్థం కాలేదు. "లోపల కూడా గుమాస్తానే అంకుల్."

"ఊరి నుంచి ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా?"

"పండక్కి మా అమ్మ వస్తుంది."

"ఎన్ని బళ్లలో?"

"ఆర్టీసీ బస్సులో అంకుల్. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కుతుంది."

ఈ విచారణ జరిగింది ఖాళీ వాటా వంటగదిలో. ఓనర్ గారు చెయ్యి ఆనించి నిలబడింది నల్లటి కడప బండ మీద. వచ్చేటప్పుడు ఎక్కిన మెట్లకు వేసింది బేతంచర్ల రాయి. కింద వారింట్లో డబ్బాలో ఉన్నది కర్నూలు సోనా. మే నెల కావడంతో మంచం కింద గడ్డిలో మాగుతున్నవి బంగినపల్లి మామిళ్లు, బనగానపల్లె ఊరి పేరే పండుకు పెట్టుకుని 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నవి. సాయంత్రం వాకింగ్ అయ్యాక ఆయన తాగే బత్తాయి జ్యూసు చాలావరకు అనంతపురం చీనీతోటలదే. ఆ వాకింగ్ చేసేది సంజీవయ్య పార్కులో. 1960లో ముఖ్యమంత్రి అయిన ఆ సంజీవయ్య కర్నూలు జిల్లా పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టాడు. ఆయనా మన కథల్లోకి పనికిరాలేదు. సీమ నుంచి రావలసినవన్నీ ఓనర్ గారింటికి ఎప్పుడో వచ్చేశాయి, మనిషొక్కడే గుమ్మం దగ్గర ఆగాడు.

ఇల్లు ఇవ్వనని ఆయన చెప్పబోతుండగా ఆంటీ గారు పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పారు. రెండో అంతస్తులో ఉన్నాయన అద్దె ఎగ్గొట్టి నెలలవుతోంది. ఓనర్ గారి ముఖం వెలిగింది. తాళంచెవి జేబులోంచి బయటికొచ్చింది.

కుర్రాడు దిగిన వారానికే పిలుపొచ్చింది. "నువ్వేం మాట్లాడొద్దు నాయనా, ఊరికే నా పక్కన నిలబడు." నిలబడ్డాడు. భుజాన లాప్‌టాప్ బ్యాగ్, మర్నాడు రిలీజ్, టెస్టింగులో ఏదో ఫెయిలైన టెన్షన్‌తో దవడ బిగుసుకుపోయి ఉంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఈ అబ్బాయిది కడప" అని మాత్రం ఓనర్ గారు వాతావరణ సూచన చెప్పినంత మామూలుగా చెప్పారు. రెండో అంతస్తాయన గుటకేసి, అక్కడికక్కడే ఫోన్ తీసి బాకీ మొత్తం పంపించేశాడు. కుర్రాడు పైకెళ్లాక వాళ్లమ్మ ఫోన్ చేసింది. "తింటి మా. చెనిగ్గింజల చెట్నీ ఉన్న్యది గదా. నువ్వు తిన్న్యావా?" అన్న మాటలు మెట్ల మీదుగా వినిపించాయి. రెండో అంతస్తాయన తలుపు గడియ పెట్టుకున్నాడు. ఆ మాటల్లో ఏ కోడ్ వినపడిందో ఆయనకే తెలియాలి.

ఈ కుర్రాడి ఉదంతం నుంచి రచయితలు గర్వపడాల్సింది చాలా ఉంది. బొద్దింక కనపడితే మంచమెక్కే మనిషి, మన రాతల పుణ్యమా అని బిల్డింగుకు రక్షణశాఖ అయ్యాడు. మెల్లగా అతనూ పని నేర్చుకున్నాడు. పార్కింగ్ దగ్గర ఎవడైనా బండి అడ్డంపెడితే గొంతు తగ్గించి, "మాది కడప అన్నా" అంటాడు. బండి కదులుతుంది. తప్పంటారా? చెడ్డపేరు ఎలాగూ మోస్తున్నాడు, దాంతో కూరగాయలైనా కొనుక్కోనివ్వండి. ఆఫీసులో కూడా డబ్బులు లాగాల్సిన కస్టమర్ల ఫైళ్లన్నీ అతని దగ్గరికే వస్తున్నాయట. అతను చేరింది జావా డెవలపర్‌గా. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం ఈ పరపతి ఎదురు తిరిగింది. అమ్మాయి తరఫువాళ్లు అబ్బాయి మీద కేసులేమన్నా ఉన్నాయేమోనని మనిషిని పెట్టి ఆరా తీయించారు. ఒకటి దొరికింది. హెల్మెట్ చలానా.

ఫ్యాక్షన్ అసలు లేనేలేదని నేనంటున్నానా? ఉంది. కొన్ని ఊళ్లలో పెత్తనం కోసం, కాంట్రాక్టుల కోసం, ఓట్ల కోసం తరాలపాటు చంపుకున్నారు. అందులో చచ్చినవాళ్లలో పెద్దాయనలు తక్కువ. పెద్దాయన వెనక నడిచినవాళ్లు ఎక్కువ, రెండెకరాల వాళ్లు, కూలికి పోయేవాళ్లు. మగవాళ్లు ఊరొదిలి పారిపోతే చేలు బీళ్లయ్యాయి. ఆడవాళ్లు చంకలో పిల్లల్ని వేసుకుని వాయిదాలకు కోర్టుల చుట్టూ తిరిగారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఈ సరుకులో హీరో దొరకడు, అదీ ఇబ్బంది. సాక్షి రాలేదని వాయిదా, లాయరు రాలేదని వాయిదా, జడ్జి సెలవులో ఉన్నాడని వాయిదా. ఇంటర్వెల్ ఎక్కడ వేస్తాం? అందుకని మనవాళ్లు చచ్చినవాడి భార్యను పక్కన పెట్టి, చంపినవాడికి పాట పెట్టారు. స్విట్జర్లాండులో.

అక్కడివాళ్లను అడిగితే, సీమ గురించి రాయాలంటే నీళ్ల గురించి రాయండి అంటారు. వాళ్లతో వచ్చిన చిక్కే ఇది. నీళ్లు లేకపోవడాన్ని ఎలా షూట్ చేస్తారు చెప్పండి? అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్యం మేఘాలు అంతదూరం వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. వేరుశెనగ వేసి పైకి చూడటం, బోరు వేయించి కిందికి చూడటం. రిగ్గు బండి వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, ఒక్కో రాడ్డూ దిగుతుంటే రైతు పక్కన నిలబడి రేటు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. వెయ్యి అడుగులు పోయినా తెల్లదుమ్మే లేస్తుంది. రిగ్గువాడు డబ్బు తీసుకుని పక్కూరికి పోతాడు. ఆ అప్పు తీర్చడానికి రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎవరో ఒకరు కువైట్ విమానం ఎక్కుతారు. చాలాసార్లు అది ఇల్లాలే. అక్కడ ఇంకొకరి పిల్లలకు అన్నం పెడుతూ, ఇక్కడ తల్లి దగ్గర వదిలొచ్చిన పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుతుంది. సీమ కథకులు ఇదంతా దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. 1996లో కడప జిల్లా కథకుడొకాయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. మన స్క్రిప్టు రచయితలు చదవలేదు. చదివితే ఒరిజినాలిటీ దెబ్బతింటుందట.

పైగా కరువుకు విలన్ ఎవరు? ఉన్నా అతనికి మీసాలుండవు. ఫైలు ముందేసుకుని ఏసీ గదిలో కూర్చుని, "పరిశీలిస్తాం" అంటాడు. అలాంటివాణ్ణి హీరో ఎలా నరుకుతాడు?

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు నీళ్లకింద పోయాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. ఆ శ్రీశైలం దాటిన కృష్ణ నీళ్లే నాగార్జునసాగర్ చేరి, అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాదు దాకా ఎక్కి మన కుళాయిల్లో పడుతున్నాయి. మన రచయిత పొద్దున్నే లేచి, ఆ నీళ్లతో మొహం కడుక్కుని, ఆ నీళ్లతోనే స్ట్రాంగ్‌గా కాఫీ పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి మొదటి లైను కొడతాడు: "రాయలసీమ. నీళ్లకు బదులు నెత్తురు పారే నేల."

హైదరాబాదులో కూర్చుని సీమను రాసెయ్యడం సినిమావాళ్లతో మొదలైందనుకుంటే పొరపాటు. 1800లోనే నిజాం అలీఖాన్ గారు సైన్యం ఖర్చుల కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలన్నీ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశారు. ఆ ప్రాంతాన్ని చూసొచ్చాక రాసిచ్చారా, చూడకుండానే రాసిచ్చారా అని ఎవరూ అడగలేదు. కంపెనీవాళ్లు థామస్ మన్రోను కలెక్టరుగా పంపి, పాలెగాళ్లను అణిచి, ఎకరం ఎకరం కొలిపించి శిస్తు కట్టారు. తమ పేరు సీడెడ్, అంటే అప్పగించిన జిల్లాలు అని ఉండటం అక్కడి జనానికి నచ్చక, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అందామన్నారు. ఊళ్లన్నీ ఒప్పుకున్నాయి. సినిమా వ్యాపారం మాత్రం ఇంకా సమాచారం అందనట్టే ఉంటుంది. ఇప్పటికీ సినిమా విడుదలైన మర్నాడు నైజాంలో ఇన్ని కోట్లు, సీడెడ్‌లో ఇన్ని కోట్లు అనే లెక్కలొస్తాయి. కంపెనీ పోయింది, నిజాం పోయాడు, డిస్ట్రిబ్యూటరు నిలబడ్డాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. చాలని భవనాలకు డేరాలు తోడుచేసుకుని పరిపాలన చేశారు. మూడేళ్లు తిరిగేసరికి రాజధాని హైదరాబాదుకు వచ్చేసింది. ఈసారి రాసిచ్చింది వాళ్లు.

సీమకొక్కదానికే అన్యాయం చేశామంటే మా రచయితలు నొచ్చుకుంటారు. అందరికీ సమానంగానే వడ్డించారు. గోదావరి జిల్లావాడికి వెటకారం, పంచె, కోడిపందెం. శ్రీకాకుళం వాడికి వాచ్‌మన్ ఉద్యోగం. తెలంగాణ యాసను చాలాకాలం కమెడియన్‌కూ రౌడీకీ పంచి, ఈమధ్యనే హీరో దాకా ప్రమోషన్ ఇచ్చారు. అదే ముంబైవాడు మనల్ని రాసినప్పుడు చూడాలి. హైదరాబాదంటే చార్మినార్ ముందు నిలబడి బిర్యానీ తినే ఆసామి, లేదా కొబ్బరినూనె రాసుకున్న మద్రాసీ. అప్పుడు మనకు ఎంత ఆత్మగౌరవం పొంగుతుందో! మమ్మల్ని ఒకే గాటన కట్టేస్తారా అని రాత్రంతా నిద్రపోకుండా పోస్టులు పెడతాం. తెల్లారి లేచి సీమ స్క్రిప్టు మీద కూర్చుంటాం.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి సీమ ప్రజలకు నావి కొన్ని వినతులు. పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ ఒకటి 2019 నుంచి కార్లు తయారుచేసి విదేశాలకు కూడా పంపుతోంది. అదే 2019లో టాటా సుమో తయారీ ఆగిపోయింది. ఇది కుట్ర కాక ఏమిటి? సీమలో కార్లు పేలాలని మనం రాస్తే వాళ్లు కార్లు బిగిస్తున్నారు. కనీసం దానంతటదే గాల్లోకి లేచే మోడల్ ఒకటి తేవాలని ప్రభుత్వం గట్టిగా చెప్పాలి. కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టూ ఆటోలు, మిర్చిబజ్జీల బండ్లు, స్కూలు పిల్లలు తిరగడం వల్ల మా రచనల నమ్మకం దెబ్బతింటోంది. పగటిపూట కనీసం రెండు గంటలు అక్కడ అరుపులు వినిపించేలా ఏర్పాటు చేయాలి. ధర్మవరం నేతగాళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేటప్పుడు పక్కన ఒక కొడవలి అయినా ఆనించుకోవాలి, ఫొటో తీసుకోవడానికి వచ్చేవాళ్లు నిరాశపడుతున్నారు. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు మీద పారబోస్తున్నారు. పారబోస్తే పోశారు, ఎరుపు ఎలాగూ ఉంది కాబట్టి ముందు కెమెరావాళ్లకు ఒక మాట చెప్పి పారబోయాలని మనవి.

సంక్రాంతికి కుర్రాడి తల్లి నిజంగానే ఎంజీబీఎస్‌లో దిగి, మెట్రో ఎక్కి, రెండు సంచులతో వచ్చింది. బిల్డింగులో అన్ని కిటికీలూ తెరుచుకున్నాయి. సంచుల్లో చెనిక్కాయలు, కొర్రబియ్యం, ఎర్రకారం. ఓనర్ గారింటికో పొట్లం, మా ఇంటికో పొట్లం, రెండో అంతస్తు వాళ్లకు కూడా ఒకటి. వాళ్లు తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి అందుకున్నారు. ఆవిడ నన్ను, "సీమ గురించి రాస్తారంట గదా సార్, ఒకతూరి మా ఊరికి రాండి, అంతా తిప్పి సూపిస్తాం" అని పిలిచింది. మర్యాదగా తప్పించుకున్నాను. వెళ్లి చూశానంటే నా వృత్తి ఏం కావాలి? రెండో అంతస్తాయన మాత్రం ఆ నెలాఖరుకే ఖాళీ చేసి వెళ్లిపోయాడు. మంచి ఇంటిని వదులుకోవడానికి కారణం ఏమిటని అడిగితే, ఆ కారం తిన్నాక భయం ఇంకా పెరిగిందన్నాడు.

ఖాళీ అయిన వాటాను చూపించే పని ఓనర్ గారు మన కడప కుర్రాడికే అప్పగించారు. మొన్న ఆదివారం భీమవరం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. నేను మెట్ల మీద పేపర్ చదువుతూ ఉన్నాను.

"ఏ ఊరన్నా?" అన్నాడు కడప కుర్రాడు.

"భీమవరం అండి."

కడప కుర్రాడు అతన్ని కిందికీ పైకీ చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "బాల్కనీలో కోళ్లను పెంచనియ్యం, ముందే చెప్తున్నా. పందేలు గిందేలు పెడితే ఓనర్ ఊరుకోడు. పులసలు వండితే కిటికీలు మూసుకోవాల."

"నేను వెజిటేరియన్ అండి," అన్నాడు ఆ అబ్బాయి, కాస్త చిన్నబుచ్చుకుని. "ఇంతకీ మీది ఏ ఊరండి?"

"కడప."

భీమవరం అబ్బాయి ఇంకేమీ అడగలేదు. వాటా లోపలికి కూడా తొంగిచూడలేదు. అద్దె తగ్గించమనలేదు. రెండు నెలల అడ్వాన్సు మెట్ల మీద నిలబడే కట్టేశాడు.